ముష్టియుద్ధమున తెలుగునాటి విజేత: నిఖత్ జరీన్ జీవితము, క్రీడాసాధన

‘ముష్టి’ యను పదమునకు బిగించిన పిడికిలి యని మొదటి అర్థము. పిడికెడు గింజలను అర్థము దాని వెంట వచ్చినది. అందుండియే భిక్ష యను వ్యవహారమును ఏర్పడినది. ఒకే పదము బలమునకును, యాచనకును చెల్లుట భాషలోని వింత. ముష్టియుద్ధము తెలుగువారికి క్రొత్త విషయము కాదు. మథురలో కంసుని మల్లశాలయందు కృష్ణబలరాములు చాణూర ముష్టికులను కూల్చిన కథ పోతన భాగవతము చదివినవారెల్లరు ఎరిగినదే. విరాటుని కొలువున వంటవాడైన వలలుని వేషములోనున్న భీముడు జీమూతుడను మల్లుని మడియించిన కథ తిక్కన భారతమున కలదు. పురాణములలోని ఈ పోరాటములు ప్రాణము తీసిననే గాని ముగియవు. నేటి ముష్టియుద్ధము అట్టిది కాదు. అది కాలమునకును, బరువునకును, న్యాయనిర్ణయమునకును లోబడిన క్రీడ. ఈ క్రీడలో రెండు పర్యాయములు ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ తెలంగాణమునందలి నిజామాబాదు పట్టణమున జన్మించిన యువతి. ఆమె జీవితము ఒక విజయగాథ మాత్రమే కాదు. బరిలోనికి పోవు ద్వారము ఎవరికి తెరువవలెను, ఎట్లు తెరువవలెను అను ప్రశ్నకు అది ఒక విలువైన ఉదాహరణము. ఆమె చరిత్రమును ఆ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

చెన్నపురిలో ముష్టియుద్ధము

చెన్నైలో నివసించు తెలుగువారికి ఈ క్రీడ దూరమైనది కాదు. ఆంగ్లేయుల కాలమున సైనికులను, నావికులను వెంబడించి బాక్సింగు ఈ నగరమునకు వచ్చినది. నౌకాశ్రయమునకు సమీపముననున్న ఉత్తర చెన్నపురి పేటలలో శ్రామిక జనము దానిని తమదిగా చేసికొనిరి. అచ్చట సార్పట్ట పరంపర, ఇడియప్ప నాయకర్ పరంపర మొదలగు పేర్లతో గురుశిష్య సంప్రదాయములు వెలసినవి. సంగీతమున గురుపరంపర యెట్లో అక్కడ పిడికిలి పోరునకును పరంపర అట్లే. ఒక పరంపర యోధుడు మరియొక పరంపర యోధునితో తలపడునపుడు పేటలకు పేటలే తరలివచ్చెడివి. 1980లో మహమ్మదాలీ ఈ నగరమునకు వచ్చి, నెహ్రూ స్టేడియమున జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినపుడు వేలకొలది జనము చూచిరి. 2021లో పా. రంజిత్ దర్శకత్వమున వెలువడిన ‘సార్పట్ట పరంపర’ యను చలనచిత్రము ఆనాటి వాతావరణమును నేటితరమునకు తెలిపినది. అది తెలుగులోనికిని అనువదింపబడినది.

అయితే ఈ పరంపరలన్నియు పురుషులవే. పోరువారు పురుషులు, గురువులును పురుషులే. స్త్రీకి బరిచుట్టును కట్టిన త్రాళ్లకు వెలుపలనే చోటు. ఇది చెన్నపురికి మాత్రమే చెందిన లోపము కాదు. ప్రపంచమంతటను అట్లే యుండెను. స్త్రీలకు ప్రపంచ బాక్సింగు పోటీలు మొదటిసారి జరిగినది 2001లో, అమెరికాలోని స్క్రాంటన్ నగరమున. ఒలింపిక్ క్రీడలలో పురుషుల బాక్సింగు 1904లోనే ప్రవేశించినను, స్త్రీల బాక్సింగునకు 2012లో లండనునందు గాని చోటు దొరకలేదు. ఈ రెండు సంవత్సరముల నడుమ నున్న అంతరము నూటయెనిమిది యేండ్లు. నిఖత్ జరీన్ పుట్టిన 1996లో స్త్రీలకు ప్రపంచ పోటీయు లేదు. ఒలింపిక్ పోటీయు లేదు.

రెండు మార్గములు

బాక్సింగునందు రెండు మార్గములు కలవు. మొదటిది వృత్తి మార్గము. అందు యోధుడు ధనమునకై పోరును. మేనేజరు పోటీలను కుదుర్చును; నిర్వాహకుడు టిక్కెట్లు అమ్మును. ప్రధానమైన పోటీలు పురుషులకు 12 రౌండ్ల వరకు సాగును. రెండవది ఔత్సాహిక మార్గము. అందు యోధుడు తన దేశము పక్షమున పోరును. పోటీ 3 రౌండ్లే. ఒక్కొక్క రౌండు 3 నిమిషములు. నడుమ ఒక నిమిషము విశ్రాంతి. బరిచుట్టును కూర్చుండిన అయిదుగురు న్యాయనిర్ణేతలు రౌండు రౌండునకు గుణములు వేయుదురు. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణముగా 9. అయిదుగురును ఒకరినే విజేతగా తలచినచో ఫలితమును 5-0 అని వ్రాయుదురు.

ఈ రెండు మార్గముల గుణదోషములు తెలియుటకు క్యూబా దేశపు చరిత్రము మిక్కిలి ఉపకరించును. 1910లో హవానా నగరమున జన్మించిన ఎలీజియో సార్దీన్యాస్ బాల్యమున వార్తాపత్రికలు అమ్ముకొని బ్రతికిన పేదవాడు. ‘కిడ్ చాక్లెట్’ అను పేరుతో అతడు అమెరికాకు పోయి, 1931 జూలై 15న ఫిలడెల్ఫియాలో బెన్నీ బాస్‌ను ఏడవ రౌండులో ఓడించి, క్యూబా దేశపు మొదటి ప్రపంచ విజేత యయ్యెను. అతని పోరాటమున నాట్యమువంటి లాఘవముండెడిదని చూచినవారు చెప్పుకొనిరి. కాని 1933 నవంబరులో టోనీ కాంజొనేరి చేతిలో రెండవ రౌండుననే కూలెను. మరునెలలో ఫ్రాంకీ క్లిక్‌కు తన పట్టమును కోల్పోయెను. 1938లో బరిని విడిచి హవానాకు మరలెను. గడించిన ధనము విలాసములలో కరిగిపోయెను. 1988లో అతడు మరణించెను.

వృత్తి మార్గమున యోధుని భాగ్యము మేనేజరు చేతిలోను, టిక్కెట్టు కొను జనుని చేతిలోను ఉండునని ఈ జీవితము చెప్పుచున్నది. విప్లవానంతరము క్యూబా ప్రభుత్వము వృత్తి క్రీడలను నిషేధించినది. అటుపిమ్మట ఔత్సాహిక బాక్సింగునందు ఆ చిన్న ద్వీపము ప్రపంచమునకే పెద్ద యయ్యెను. 1972, 1976, 1980 ఒలింపిక్ క్రీడలలో వరుసగా స్వర్ణము గెలిచిన తెయోఫిలో స్టీవెన్‌సన్, వృత్తి బాక్సింగులోనికి రమ్మని పిలిచిన అమెరికా ధనమును తిరస్కరించెను. క్యూబాలో పుట్టిన శిక్షకుడు బి. ఐ. ఫెర్నాండెజ్ 1990లో భారతదేశమునకు వచ్చి మనవారికి శిక్షణ ఇచ్చెను. 2012లో ద్రోణాచార్య పురస్కారము పొందిన మొదటి విదేశీయుడు అతడే. అయినను క్యూబాయందు స్త్రీలకు బాక్సింగు అనుమతి లభించినది 2022 డిసెంబరులో మాత్రమే. వృత్తి బాక్సింగుపై నిషేధము సడలినదియు ఆ సంవత్సరముననే.

ఔత్సాహిక మార్గమున మేనేజరు లేడు. అచ్చట అతని స్థానమున ఎంపిక సంఘము ఉన్నది. ఒక దేశమునుండి ఒక బరువు తరగతికి ఒక్కరే పోవలెను. ఆ ఒక్కరు ఎవరో నిర్ణయించునది ఆ సంఘము. కావున ఔత్సాహిక యోధుని బ్రతుకున బరిలోని ప్రత్యర్థి ఎంత ముఖ్యమో, బరి వెలుపలి ఎంపికయు అంత ముఖ్యము. నిఖత్ జరీన్ చరిత్రమున కీలకమైన విషయము ఇదియే.

నిజామాబాదు నుండి విశాఖకు

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాదులో జన్మించెను. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్. తల్లి పర్వీన్ సుల్తానా. వారికి నలుగురు కుమార్తెలు, నిఖత్ మూడవది. తండ్రి స్వయముగా క్రీడాకారుడు. ఫుట్‌బాలు, క్రికెట్టు ఆడినవాడు. చురుకైన ఈ బిడ్డను అతడు మొదట పరుగు పందెములకై మైదానమునకు తీసికొనిపోయెను. అచ్చట అన్ని ఆటలలోను బాలికలు కనబడిరి కాని బాక్సింగునందు ఒక్కరును కనబడలేదు. కారణమేమని బాలిక అడిగెను. బాలికలకు అంత బలము లేదని లోకులు తలతురను సమాధానము వచ్చెను. ఆ మాటయే తన్ను బరివైపు త్రిప్పినదని ఆమె పలుమారులు చెప్పియున్నది.

ఆమెకు మొదటి గురువు శంసముద్దీన్. నిజామాబాదులో ఆయన తీర్చిదిద్దిన వారిలో ఆయన కుమారుడు మహమ్మద్ హుసాముద్దీన్ ఒకడు. 2018, 2022 కామన్‌వెల్తు క్రీడలలోను, 2023 ప్రపంచ పోటీలలోను కాంస్య పతకములు గెలిచినవాడు ఇతడే. మహానగరము కాని ఒక పట్టణమునుండి ఇద్దరు ప్రపంచస్థాయి యోధులు వెలువడుట యాదృచ్ఛికము కాదు. చెన్నపురి పేటలలోని పరంపరవలెనే, అచ్చటను శిక్షణనే జీవితముగా చేసికొనిన ఒక గురువు ఉండుటయే దానికి కారణము.

మొదట నిఖత్‌తో సాధన చేయుటకు బాలికలు లేరు. బాలురతోనే తలపడవలసి వచ్చెను. తొలినాళ్లలో ఒకనాడు ముక్కునుండి రక్తము కారుచు, కన్ను కమిలి ఇల్లు చేరిన కూతును చూచి తల్లి కంటతడి పెట్టెననియు, ముఖము చెడినచో పెండ్లి యెట్లు జరుగునని దిగులు పడెననియు ఆ కుటుంబమువారు చెప్పుదురు. ఇరుగుపొరుగువారి మాటలు వేరుగా ఉండెను. ఆడపిల్ల పొట్టి దుస్తులు ధరించి పురుషుల మధ్య పిడికిలి విసరుట వారికి నచ్చలేదు. ఆ మాటలను తండ్రి తన భుజములపై వేసికొని, కూతును వానికి దూరముగా నుంచెను. తెలుగునాట బాలికలు మైదానమున నిలుచుటకు తమ బలముతోపాటు ఇట్టి తండ్రుల బలమును కావలసియుండుట గమనింపదగినది.

2009లో ఆమె విశాఖపట్నమునందలి భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రమున చేరెను. అచ్చట ఐ. వెంకటేశ్వరరావు ఆమెకు గురువు. 2010లో తమిళనాటి ఈరోడు నగరమున జరిగిన జాతీయ పోటీలలో స్వర్ణము సాధించి, ఉత్తమ యోధురాలిగా గుర్తింపు పొందెను. అనగా ఆమె జాతీయ కీర్తికి తొలి అడుగు పడినది తమిళదేశముననే. 2011లో టర్కీలోని అంతల్యాలో జరిగిన బాలికల ప్రపంచ పోటీల తుది పోరున టర్కీ యువతినే ఓడించి స్వర్ణము గెలిచెను. అప్పటికి ఆమె వయస్సు పదునాలుగేండ్లు దాటి పదునైదు నిండనున్నది. ప్రతిపక్షమువారి సొంతగడ్డపై, వారి జనుల కేకల నడుమ గెలుచుట ఆ వయస్సున సామాన్యము కాదు. 2013లో యువతుల ప్రపంచ పోటీలయందు రజతము, 2014లో సెర్బియాలోని నోవి సాద్‌లో స్వర్ణము లభించినవి.

గాయము, నిరీక్షణము

బాల్యమున విజేతలైనవారు అందరును పెద్దల తరగతిలో విజేతలు కాలేరు. నిఖత్ యెదుట రెండు అడ్డంకులు నిలిచినవి. మొదటిది శరీరమునకు సంబంధించినది. 2017లో భుజమునకు తగిలిన గాయము ఆమెను దాదాపు ఒక సంవత్సరము బరికి దూరము చేసెను. బాక్సింగునందు దెబ్బ పిడికిలినుండి పుట్టదు. అది పాదమున పుట్టి, నడుము మీదుగా భుజమునకు వచ్చి, పిడికిలి యందు ముగియును. భుజము చెడినచో ఆ ప్రవాహము మధ్యలోనే తెగిపోవును. గాయము మానినను, ఆ చేతిని పూర్తిగా చాపుటకు మనస్సు జంకును. ఈ జంకును జయించుటకు కాలము పట్టును. 2018లో బెల్‌గ్రేడునందును, 2019లో బల్గేరియాలోని స్ట్రాంజా పోటీలయందును స్వర్ణములు గెలిచి ఆమె మరల నిలిచెను. 2019 ఆసియా పోటీలలో కాంస్యము పొందెను.

రెండవ అడ్డంకి ఇంకను కఠినమైనది. ఆమె పోరు 51 కిలోల తరగతిలో భారతదేశమునకు మేరీ కోమ్ ఉండెను. 2002 మొదలు 2018 వరకు ఆరు ప్రపంచ స్వర్ణములు, 2012 ఒలింపిక్ కాంస్యము గెలిచిన మేరీ కోమ్ భారతీయ స్త్రీల బాక్సింగునకు తల్లివంటిది. నిఖత్ స్వయముగా ఆమెను ఆదర్శముగా తలచినది. ఆదర్శమే మార్గమున అడ్డముగా నిలిచిన ఈ స్థితి పురాణములలోని గురుశిష్యుల పోరాటములను తలపించును.

2019 నాటి వివాదము

2019 ఆగస్టులో ప్రపంచ పోటీలకు 51 కిలోల తరగతిలో పరీక్షాపోటీ లేకుండనే మేరీ కోమ్ ఎంపిక జరిగినది. పరీక్షాపోటీకి సిద్ధమై వచ్చిన నిఖత్‌కు బరిలో దిగు అవకాశము దొరకలేదు. మేరీ కోమ్ రష్యాలోని ఉలాన్ ఉదేకు పోయి కాంస్యము గెలిచెను. అటుపిమ్మట ఒలింపిక్ అర్హత పోటీలకును ఆమెనే నేరుగా పంపు ఆలోచన వెలువడినది. 2019 అక్టోబరు 17న నిఖత్, కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజూకు బహిరంగముగా లేఖ వ్రాసి, న్యాయమైన పరీక్షాపోటీ జరుపుమని కోరెను. ఇరువదిమూడు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ సైతము ప్రతి ఒలింపిక్ క్రీడలకును మరల అర్హత సంపాదించవలసి వచ్చెనని ఆమె అందు గుర్తుచేసెను.

ఇందు ఉభయ పక్షముల వాదమును తూచి చూడవలెను. సంఘము పక్షమున యుక్తి లేకపోలేదు. అనుభవము గల యోధురాలు పతకము తెచ్చునను నమ్మకము ఎక్కువ. పతకము దేశమునకు కావలెను. పరీక్షాపోటీలు పెట్టినచో ముఖ్యమైన పోటీలకు ముందు గాయములు తగులవచ్చును. మేరీ కోమ్ వంటి వ్యక్తి యెడల గౌరవము చూపుట సహజము. రెండవ పక్షమున యుక్తి ఇంకను మౌలికమైనది. క్రీడకు ప్రాణము ఫలితము ముందుగా తెలియకపోవుట. నిన్నటి విజయములు గౌరవమునకు ఆధారములు. నేటి పోటీకి అవి గుణములు కావు. పరీక్షయే లేనిచో క్రింది వరుసలోని యువతికి సాధన చేయుటకు కారణము ఉండదు. ఒక గొప్ప యోధురాలు రిటైరగు దినమున ఆ స్థానమున నిలుచుటకు ఎవరును సిద్ధముగా ఉండరు. పేరునకు కట్టబెట్టిన స్థానము దేశమునకే నష్టము తెచ్చును.

ఇందు గమనింపదగిన మరియొక విషయము కలదు. నిఖత్ స్థానమును అడుగలేదు. స్థానమునకై పోరు అవకాశమును మాత్రమే అడిగెను. పదము యొక్క రెండు అర్థములను స్మరించినచో, ఆమె కోరినది ముష్టి కాదు, ముష్టియుద్ధము.

ఎట్టకేలకు 2019 డిసెంబరు 28న న్యూఢిల్లీలో పరీక్షాపోటీ జరిగినది. మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచెను. నిఖత్ ఓడెను. అడిగి సాధించుకొనిన పరీక్షలో, దేశమంతయు చూచుచుండగా, స్పష్టమైన తేడాతో ఓడుట ఇరువదిమూడేండ్ల యువతికి చిన్న దెబ్బ కాదు. ఆమె వాదము తప్పని పలికినవారును కలరు. అది సరికాదు. పరీక్ష కావలెనను వాదమునకును, పరీక్షలో గెలుపు ఓటములకును సంబంధము లేదు. ఆనాడు గెలిచినది మేరీ కోమ్, నిలిచినది నియమము. మేరీ కోమ్ గౌరవమునకు ఇందువలన లోటు కలుగలేదు. బరిలో గెలిచి పోవుటవలన ఆమె యోగ్యత మరింత నిస్సందేహ మైనది. ఆమె అర్హత పోటీలలో నెగ్గి టోక్యోకు చేరి, 2021 జూలైలో కొలంబియా యోధురాలు ఇంగ్రిట్ వాలెన్సియా చేతిలో స్వల్పమైన తేడాతో ఓడెను.

ప్రపంచ విజయములు

ఓటమి తరువాత నిఖత్ మరల సాధనకే మరలెను. 2021 మార్చిలో ఇస్తాంబుల్‌లో జరిగిన బోస్ఫరస్ పోటీలలో ఇద్దరు మాజీ ప్రపంచ విజేతలను ఓడించి కాంస్యము పొందెను. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా పోటీల ఉపాంత్య పోరున, టోక్యో ఒలింపిక్ రజత విజేత యైన టర్కీ యోధురాలు బూసె నాజ్ చాకిరోగ్లూను ఓడించి, తుది పోరున ఉక్రెయిన్ యోధురాలిని గెలిచెను. అటుపిమ్మట దేశములోని పరీక్షాపోటీలలో నెగ్గియే ప్రపంచ పోటీలకు తరలెను.

2022 మేలో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె 52 కిలోల తరగతిలో పాల్గొనెను. మెక్సికో, మంగోలియా, ఇంగ్లండు, బ్రెజిలు, థాయిలాండు దేశముల యోధురాండ్రు వరుసగా ఎదురైరి. అయిదు పోటీలును 5-0 ఫలితముతోనే ముగిసినవి. మే 19న తుది పోరున థాయిలాండుకు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌ను ఓడించి ఆమె ప్రపంచ విజేత యయ్యెను. మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖ అను నలుగురి తరువాత ప్రపంచ స్వర్ణము గెలిచిన అయిదవ భారతీయ స్త్రీ ఈమె. పదునొకండేండ్ల క్రిందట బాలికగా స్వర్ణము గెలిచిన టర్కీ దేశముననే ఈ విజయము కలిగినది.

ఇచ్చట ఆమె పోరు తీరును గూర్చి కొంత చెప్పవలెను. ఆమెది దూరమునుండి పోరు తీరు. ప్రత్యర్థి పిడికిలి అందని దూరమున పాదములను కదల్చుచు నిలుచును. ప్రత్యర్థి ముందునకు వచ్చినపుడు ప్రక్కకు జరిగి, వెంటనే సూటి దెబ్బలను రెండు మూడింటిని వేసి, మరల దూరమునకు తొలగును. ఇందు బలముకంటె కాలజ్ఞానము ప్రధానము. దెబ్బ తగిలించుటయు, దెబ్బ తగులకుండుటయు ఒకే అడుగులో ఇమిడియుండవలెను.

ప్రపంచ విజయము తరువాత మరియొక కష్టము ఎదురైనది. పారిస్ ఒలింపిక్ క్రీడలలో 52 కిలోల తరగతి లేదు. స్త్రీలకు అత్యల్పమైన తరగతి 50 కిలోలు. రెండు కిలోలన సామాన్యులకు లెక్కలోనిది కాదు. కొవ్వు లేని శరీరమునుండి రెండు కిలోలు తీయుటన ఆహారమును, నీటిని, నిద్రను కొలిచి బ్రతుకుట. బరువు తగ్గినను దెబ్బ తగ్గకూడదు. ఆమె దీనిని సాధించెను. 2022 ఆగస్టు 7న బర్మింగ్‌హామ్ కామన్‌వెల్తు క్రీడలలో 50 కిలోల తరగతిలో స్వర్ణము గెలిచెను. 2023 మార్చి 26న న్యూఢిల్లీలో వియత్నాముకు చెందిన గుయెన్ థి తామ్‌ను 5-0తో ఓడించి రెండవ పర్యాయము ప్రపంచ విజేత యయ్యెను. మేరీ కోమ్ తరువాత ఒకటికంటె ఎక్కువ ప్రపంచ స్వర్ణములు గెలిచిన భారతీయ స్త్రీ ఈమెయే. 2022లో అర్జున పురస్కారము లభించినది. ఆ సంవత్సరముననే తెలంగాణ ప్రభుత్వము రెండు కోట్ల రూపాయల బహుమానము ప్రకటించెను. 2024లో పోలీసు శాఖయందు డి.ఎస్.పి. పదవి నొసగెను.

పారిస్, ఆ తరువాత

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కాంస్యముతోపాటు పారిస్ ఒలింపిక్ అర్హత లభించినది. కాని పారిస్‌లో ఆమెకు సీడింగు స్థానము లేదు. సీడింగు లేనివారు తొలి దశలలోనే అగ్రగణ్యులకు ఎదురుపడవచ్చును. 2024 జూలై 28న జర్మనీ యోధురాలు మాక్సి క్లోట్జర్‌ను 5-0తో ఓడించిన నిఖత్‌కు, ఆగస్టు 1న రెండవ పోటీలోనే చైనా యోధురాలు వూ యూ ఎదురయ్యెను. వూ యూ 2023లో 52 కిలోల తరగతి ప్రపంచ విజేత. తుది పోరున కలియదగిన ఇద్దరు ప్రపంచ విజేతలు తొలి దశలలోనే కలిసిరి. నిఖత్ 0-5తో ఓడెను. వూ యూ తరువాతి పోటీలను కూడ గెలిచి స్వర్ణము పొందెను. నిఖత్ కన్నీటితో బరిని విడిచినది దేశమంతయు చూచినది.

2025లో లివర్‌పూలు ప్రపంచ పోటీలలో 51 కిలోల తరగతిలో క్వార్టరు ఫైనలు పోరున చాకిరోగ్లూ చేతిలో ఓడినను, ఆ సంవత్సరము నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్పు తుది పోటీలలో ఆమె స్వర్ణము గెలిచెను. గెలుపును, ఓటమియు ఒకదాని వెంట ఒకటి వచ్చు ఈ క్రమమే యోధుల సహజ జీవితము. ఒక్క పతకమును మాత్రమే చూచి జీవితమును తూచుట న్యాయము కాదు.

ఫలితాంశము

ఈ చరిత్రమునుండి తేలు అంశములు మూడు. మొదటిది: ప్రపంచస్థాయి యోధురాలు వెలువడుటకు మహానగరము అక్కరలేదు. నమ్మిన తండ్రి, తెలిసిన గురువు, తెరచియున్న మైదానము చాలును. రెండవది: స్త్రీలకు బలము లేదను మాట అనుభవము చెప్పిన మాట కాదు, అవకాశము ఈయకపోవుటచేత పుట్టిన మాట. 2012 వరకు ఒలింపిక్ ద్వారమే మూసియుండగా, లోపలికి ఎవరును రాలేదని స్త్రీలను నిందించుట తగదు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: వృత్తి మార్గమున నైనను, ఔత్సాహిక మార్గమున నైనను, యోధుని భాగ్యము సగము బరి వెలుపలనే నిర్ణయింపబడుచున్నది. కిడ్ చాక్లెట్‌ను మేనేజర్లు నడిపించిరి. నిఖత్‌ను ఎంపిక నియమములు ఆపినవి, తరువాత అవియే నడిపించినవి. ఆ నియమములు న్యాయముగా ఉన్ననే బరిలోని పోరాటమునకు అర్థముండును. ఈ న్యాయము పెద్ద సంఘములకు మాత్రమే చెందినది కాదు. పాఠశాల జట్టును ఎంచు ఉపాధ్యాయునకును, జిల్లా పోటీలు జరుపు సంఘమునకును ఇదియే వర్తించును. పరీక్ష లేని ఎంపిక గెలిచినవారి యోగ్యతను సైతము సందేహమున పడవేయును.

చెన్నై నగరమున నేటికిని సాయంకాలము వేళ ఉత్తర పేటలలోని బాక్సింగు శిక్షణాలయములలో పిల్లలు చేతులకు గుడ్డపట్టీలు చుట్టుకొని సాధన చేయుచుందురు. వారిలో ఇప్పుడు బాలికలును కలరు. తెలుగు కుటుంబములలోని బాలికలు కూడ అచ్చటికి పోవలెనని కోరినపుడు, నిజామాబాదులో ఒక తండ్రి చూపిన ధైర్యమును పెద్దలు స్మరించుట మంచిది. గెలుపు తెచ్చునని యెవరును హామీ ఈయజాలరు. బరివరకు పోవు దారిని మూయకుండుట మాత్రము పెద్దల చేతిలోనిదే.